ఫొటోలో లేని చిట్టి

మిర్యాలగూడలో అన్న నడిపే పెళ్లి ఫొటోల స్టూడియోలోనే చెల్లెలు కొత్తగా కుక్కల ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. ఆ పొద్దున ఆమె కెమెరా తుడుచుకుంటుంటే అన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“పెళ్లోళ్లు వచ్చి కుక్క వాసనొస్తుంది అంటున్నరు. ఇగ బంద్ చెయ్.”

“చెయ్య. గీడ వద్దంటే కోదాడల గది కిరాయికి సూస్కుంట.”

“కుక్కలకు ఫొటోలేంది? అందరు నవ్వుతున్నరు.”

“నవ్వనీ. మన కుక్క చిట్టి సచ్చిపోయినంక దాని ఫొటో కోసం ఇల్లంత ఎతికిన. ఒక్కటి దొరకలే.”

“ఎందుకు దొరకలే? ఇంట్ల ఫొటోలన్ని నేనే తీసిన కద.”

“తీసినవ్. తీసేముందు ప్రతిసారి, ‘ముందుగాల ఆ కుక్కను ఎల్లగొట్టుండ్రి’ అన్నవ్. నీ బిడ్డ పుట్టెంట్రుకల నాడు ఒక్క ఫొటోల దాని తోక పడ్డది.”

అన్న గొంతు కాస్త తగ్గింది.

“మరి ఆ ఫొటో ఉన్నదా?”

“ఫొటో ఉన్నది. తోక లేదు. ఆల్బం చేసేటప్పుడు నువ్వే కంప్యూటర్ల చెరిపేసినవ్.”

అతనేదో అనబోయేంతలో గరిడేపల్లి నుంచి ఒక ముసలామె తన నల్లకుక్కను తీసుకుని వచ్చింది. అది తిన్నగా పోయి, పెళ్లిజంటలు కూర్చునే ఎర్ర సోఫా ఎక్కి దర్జాగా కూర్చుంది. అన్న చెయ్యి అలవాటుగా పైకి లేచింది.

“ఏయ్, హుష్!”

చెల్లెలు అప్పటికే కెమెరా కంటికి ఆనించింది.

“అన్నా, నువ్వు ఫొటోల పడుతున్నవ్. జర పక్కకు జరుగు.”