క్రో క్రీక్ ఘాట్‌లో గ్రోవర్ వేసిన ఒకటో గేరు

"నేను చేసింది ఘనకార్యమేం కాదు. దిగుడులో కాస్త గేరు తగ్గించాను. అంతే," అన్నాడు గ్రోవర్ లిండ్‌స్ట్రమ్, పాన్‌కేకుల మీద పాకం పోసుకుంటూ. పోయాల్సిన దానికంటే ఎక్కువే పోశాడు.

అమెరికాలో, మోంటానా కొండల్లో ఓ చిన్న ఊరి అగ్నిమాపక కేంద్రం అది. దళంలో ఎవరికీ జీతం లేదు, అందరూ ఊరివాళ్ళే. ఫిబ్రవరి ఆదివారం, బయట మోకాలి లోతు మంచు. ఏటా ఈ రోజున ఊరందరికీ ఇక్కడే పాన్‌కేకులు. ఊరు తినేసి వెళ్ళిపోయింది. దళం మిగిలింది. కొత్త నీళ్ళ ట్యాంకరు ఎవరు తోలాలో ఇవాళ చేతులెత్తి తేల్చాలి. తాళంచెవి దళనాయకుడు మెర్విన్ ముందు బల్లమీద ఉంది.

పాత ట్యాంకరుని ముప్పై ఒక్క ఏళ్ళు గ్రోవరే తోలాడు. కొత్తదానికి గేరు కడ్డీ లేదు. ఆరు గేర్లూ అదే మార్చుకుంటుంది. కావాలంటే మనమూ మార్చొచ్చు, బాణం గుర్తులున్న బటన్లు నొక్కి. అందుకే ఈసారి ఇంకో పేరు కూడా లేచింది: బండ్లు బాగుచేసే ట్రీనా సోరెల్. ఆమె మూలన కూర్చుని కాఫీ తాగుతోంది.

"పోయిన ఆదివారం కొండ కింద ఎడ్నా వాళ్ళ గడ్డి కొట్టం అంటుకుందా? మూడు వేల గాలన్ల నీళ్ళు వేసుకుని ఈ కొత్త బండిలోనే బయల్దేరాను. పక్కన ఈ హోయ్ట్ ఉన్నాడు, అడగండి."

"ఉన్నాను. కళ్ళు మూసుకుని ఉన్నాను," అన్నాడు హోయ్ట్.

"కళ్ళు తెరిచినవాణ్ణి నేను కదా, నేను చెబుతాను. క్రో క్రీక్ ఘాట్‌లో ఏడు మైళ్ళ దిగుడు, రోడ్డు మీద గాజు పలకలా మంచు. బండి ఆరో గేరులో జారుతోంది. దానంతట అదే! నలభై ఏళ్ళు కలప లారీలు తోలినవాణ్ణి. చలికి అరచెయ్యి కడ్డీకి అతుక్కుపోతే తోలు ఊడినా సరేనని లాక్కున్నవాణ్ణి. ఇవిగో మచ్చలు, చూడండి. ఆకలితో తోలాను, జ్వరంతో తోలాను, నాకు బటన్ల పెట్టె బండి నేర్పుతుందా? కిందికి బాణం నొక్కాను. అయిదు! మళ్ళీ నొక్కాను. నాలుగు! ఇంజను అరిచింది చూడూ, ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. నిమిషానికి రెండు వేల రెండొందల చుట్లు. ఇంకొకడైతే అక్కడ ఆగుతాడు. నేను ఆగానా?"

"ఆగి ఉండాల్సింది," అన్నాడు మెర్విన్.

"మూడు! మూడు వేల చుట్లు. రెండు! నాలుగు వేలు. ముల్లు డయల్‌లో చోటు చాలక తిరిగి సున్నా దగ్గరికొచ్చి రెండో చుట్టు మొదలెట్టింది. అప్పుడు ఒకటి నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంజను పేలిందా?"

"నా చేతిలోనా? బండి ఆగింది. ఎంత గట్టిగా ఆగిందంటే, ట్యాంకరు ఆగింది కానీ నీళ్ళు ఆగలేదు. మూత ఎగరగొట్టుకుని మూడు వేల గాలన్లూ ఒక్క ముద్దగా గాల్లోకి లేచాయి. ఆ చలికి అక్కడే గడ్డకట్టాయి. రెండు మైళ్ళ అవతల ఎడ్నా కొట్టం మీద వడగళ్ళలా పడ్డాయి. మంట చప్పున చచ్చింది."

"ఆగాగు," అన్నాడు మెర్విన్. "నీళ్ళు అక్కడే పడిపోతే కిందికి దేనికి వెళ్ళావు? నువ్వు గొట్టం పట్టుకుంటే నేను కళ్ళారా చూశానే!"

గ్రోవర్ చెంచా పైకెత్తి ఒక్క క్షణం ఆలోచించాడు. "వెళ్ళలేదు. అంటే, ముందు వెనక్కి వెళ్ళాను. నేను ఒకటి దగ్గర ఊరుకోలేదుగా. ఇంకోసారి నొక్కాను. ఒకటి కింద ఇంకో గేరు ఉంది, చేసినవాళ్ళకే తెలీదు. అది పడేసరికి బండి దానంతట అది ఘాటెక్కడం మొదలెట్టింది, ముందుకే చూస్తూ వెనక్కి! దారిలో ఇదే ట్యాంకరు దిగుతూ ఎదురొచ్చింది. లోపల నేనే. చెయ్యి ఊపాను."

"ఒరేయ్ గ్రోవరూ," అన్నాడు హోయ్ట్, "ఎక్కేవాడివా, దిగేవాడివా? ఊపింది ఎవడు?"

"ఇద్దరం ఊపాం!"

"మరి నేను ఏ బండిలో ఉన్నాను?"

"కళ్ళు మూసుకున్నవాడివి, నీకెందుకురా? కేంద్రానికి వచ్చేసరికి సైరన్ ఇంకా మోగలేదు. నీళ్ళు నింపుకుని మళ్ళీ బయల్దేరాను. మెర్విన్ చూసింది ఆ రెండోసారి."

మెర్విన్ వేళ్ళమీద లెక్కపెట్టి, తప్పి, మళ్ళీ మొదలెట్టి మానేశాడు. అందరూ నవ్వారు. తాళంచెవి మీదికి గ్రోవర్ చెయ్యి దాదాపు వెళ్ళింది.

"గ్రోవర్," అంది ట్రీనా. "ఒకటి పడిందని మీకెలా తెలిసింది?"

"కళ్ళు లేవా నాకు? అంకె కనబడింది. ఒకటి."

"బటన్ల పైన రెండు అంకెలుంటాయి. ఏది చూశారు?"

"ఎడమది. కుడివైపుది బయటి చలి కదా. నాలుగు డిగ్రీలు ఉండింది. దిగేకొద్దీ అయిదయింది. లోయలోకి వచ్చాం, వెచ్చబడిందనుకున్నాను."

ట్రీనా కప్పు కింద పెట్టింది.

"అది చలి కాదు. ఎడమది మీరు అడిగిన గేరు. కుడిది బండి ఉన్న గేరు. ఇంజను అంత వేగంలో ఉన్నప్పుడు ఆ గేర్ల పెట్టె కింది గేరు ఇవ్వదు, పళ్ళు ఊడిపోతాయని. మీరు ఒకటి దాకా నొక్కుతూ పోయారు. అది నాలుగులోనే ఉండిపోయింది. చుట్లు మరీ పెరిగేసరికి ఇంజను పగలకుండా అయిదుకి పోయింది. పైకి."

"పైకా?" అన్నాడు గ్రోవర్. "నేను కిందికి కదా నొక్కింది."

"నాలుగుసార్లు బ్రేకు గట్టిగా తొక్కి వదిలి, చుట్లు దించి, ఆ తర్వాత నొక్కితే ఇచ్చేది."

గ్రోవర్ తన అరచేతుల వంక చూసుకున్నాడు. ఏ చెయ్యి నొక్కిందో కూడా గుర్తురానట్టు, ఒకటి మార్చి ఒకటి. "అయితే ఆ రోజు బండిని దించింది ఎవరు?"

"బ్రేకులు. ఏడు మైళ్ళూ తొక్కే ఉంచారు. బుధవారం చక్రాలు విప్పాను. లోపల మిగిలింది బొగ్గే. ఇంకో మైలు దిగుడుంటే అదీ మిగిలేది కాదు."

హోయ్ట్ తన పళ్ళేన్ని మెల్లగా అవతలికి తోశాడు. "గ్రోవరూ," అన్నాడు, "నువ్వు ధైర్యంగా ఉన్నావనే నేను కళ్ళు మూసుకున్నాను."

గ్రోవర్ చెంచా కింద పెట్టాడు.

"కుడివైపుదే నిజం కదా?" అన్నాడు.

"కుడివైపుదే."

"మరి ఆ ఎడమది ఎందుకు పెట్టారు, దిక్కుమాలినవాళ్ళు?"

"మనం ఏం అనుకుంటున్నామో కనబడాలని."

మెర్విన్ గొంతు సవరించుకున్నాడు. "సరే, చేతులెత్తండి. ముందుగా..."

అతను పేరు చెప్పకముందే గ్రోవర్ మచ్చల చెయ్యి పైకి లేచింది.

"ఎవరికి ఎత్తాలో ఇంకా చెప్పలేదు కదా, గ్రోవర్."

"తెలుసు. ట్రీనాకి. రాసుకో," అని గసిరాడు. చెయ్యి దించకుండానే హోయ్ట్ వైపు తిరిగాడు. "నువ్వూ ఎత్తరా. కళ్ళు తెరిచి ఎత్తు."