చుక్క పెట్టుడు, చుక్క తీసుడు

నిజామాబాద్‌లో ఒక కోడింగ్ కోచింగ్ సెంటర్. దాన్ని నడిపే రామ్‌దాస్ ఎదుట, ఇంటర్వ్యూ నుంచి నేరుగా వచ్చిన అంకిత.

“మమ్ముల ముంచింది మీరే సార్! కంపెనీ కాదు, మా నసీబు కాదు. మీరే!”

“అరే అంకితా, కూసో బిడ్డా. చాయ్ చెప్పాల్నా?”

“చాయ్ వద్దు. నేను కోడ్ రాసిన రోజే గదా నెట్ల నా పేజీ మీద గడి పచ్చగయ్యేది? మరి ఏడాదంత పచ్చగెట్లైంది? పాస్‌వర్డ్ మీ తాననే ఉండె.”

“మంచిగనే ఉంది గదా! పోచంపాడ్ కాల్వ నీళ్లు పారిన వరి లెక్క.”

“ఇంటర్వ్యూ సారు గూడ మస్తు మెచ్చుకున్నడు. అన్నిట్ల ముదురు పచ్చ వారం సూపెట్టి, ‘గీ వారం ఏం రాసినవమ్మా?’ అన్నడు.”

“ఏమన్నవ్?”

“ఏమంట? ఆ వారమంత మా ఊరు మెండోరల మా బాపుతోని పసుపు ఉడకవెట్టిన. ఫోన్ గూడ ముట్టలే.”

“గది చెప్పినవా? ఎందుకు చెప్...”

“ఆయనే తెరిచి సూసిండు. ఫైల్ల ఒక చుక్క పెట్టుడు, మళ్ల తీసుడు. పెట్టుడు, తీసుడు. గంతే! నా పేరు మీద గడులు నింపనీకె మీరు పెట్టిన ప్రోగ్రామ్ మస్తు కష్టపడ్డది, పాపం. ఉద్యోగం దానికే ఇయ్యాలె.”

“సూడు, మార్కెట్ యార్డుల పాలిష్ పట్టని పసుపుకు రేటొస్తదా? మీ బాపునడుగు. నేను పట్టింది గా పాలిషే.”

“పాలిష్ పట్టనీకె ముందుగాల పసుపు కొమ్ముండాలె సార్. మీరు కందికట్టెలకు పట్టిండ్రు.”

“సరే, సరే. ఇగ పండుగలకు, పసుపు రోజులకు ప్రోగ్రామ్‌కు సెలవు పెడ్త. సాలా?”

“ఓహో, చుక్కకు గూడ సెలవులా! పీఎఫ్ గూడ కట్టుండ్రి.”

“ఎక్కిరించకు. అదంత తీసేస్తె నీకేం మిగుల్తది? ముసలమ్మ నోట్ల పండ్ల లెక్క ఆడొకటి, ఈడొకటి.”

“గవి నావి! బాపు కోసం యార్డు రేట్ల యాప్ రాసిన రోజులు. ఆ సారు గవ్వే సదివిండు.”

“సదివి?”

“రంగు కడుక్కొని సోమవారం మళ్ల రమ్మన్నడు.”

“ఇంకేంది మరి! దా, నీది ఇప్పుడే తీసేస్త. బయట మాత్రం ఎవ్వలకు...”

“చెప్పిన. సమద్, వాజిదా, మా బ్యాచోళ్లందరు బయట మెట్ల మీదనే ఉన్నరు. రేపు వాళ్లు గూడ అదే కంపెనీకి పోవాలె. కంప్యూటర్ తెరువుండ్రి. ముందుగాల వాళ్ల పేజీల మీది దొంగ పచ్చ తుడువుండ్రి, ఒక్కొక్కలది, నా కండ్ల ముంగట. నాది ఆఖరుకు.”