బుల్లియ్య పాముల గది

మండపేట దగ్గర ఆ హాస్టల్ గేటు ఆదివారం పదింటికి గాని తియ్యరు. లోవలక్ష్మి నరసాపురంలో తొలి పంటు పడవెక్కి, ఏరు దాటి, బస్సులు మారి వచ్చి, రొయ్యల ఇగురు కేరేజీ ఒళ్ళో పెట్టుకుని గేటెదురు టీకొట్టు బెంచీ మీద కూర్చుంది. లోపల ఆమె కొడుకు దుర్గాసాయి ఆరో తరగతి చదువుతున్నాడు. కిందటి వారం ఫోన్లో, మంచం మీద ఉక్కగా ఉందని నేల మీదే పడుకుంటున్నానన్నాడు. ఆ మాట అప్పట్నుంచీ ఆమెని నిద్ర పోనివ్వలేదు.

పక్క బెంచీ మీద హాస్టల్ వాచ్‌మన్ బుల్లియ్య, ఆమెలాగే పిల్లల కోసం వచ్చిన తండ్రులకి తన పాముల సంగతి చెప్తున్నాడు.

"చిన్న పనేలెండి, గొప్పకి చెప్పట్లేదు. కోతల ముందు ఈ వెనకాల కాలవలో ఎవడో చేపలకి మావు పెట్టాడు, వెదురు మావండి, లోపలికెళ్ళింది మళ్ళీ బయటికి రాదు కదా, దాంట్లో ఓ పాముపిల్ల ఇరుక్కుని కొట్టుకుంటంది, ఇదిగో, జానెడుంటది, చూస్తా ఊరుకోలేకపోయాను." గదికి తెచ్చి గాయానికి పసుపు రాశాడట. బిస్కెట్ డబ్బా మూతకి మేకుతో చిల్లులు పొడిచి, అందులో పెట్టి రోజూ ఓ చేపపిల్ల వేశాడట.

"ఏ గదికండి?" అంది లోవలక్ష్మి.

"నా గదికేనమ్మా. పిల్లలు పడుకునే హాలుంది చూడండి, దాని పక్కదే."

ఆమె టీ గ్లాసు బెంచీ మీద పెట్టేసింది.

"ఆ తర్వాత ఏమైందనుకున్నారు? కోత మిషన్లు దిగాయి. ఆ బ్లేళ్ళకి తగిలి తోక తెగినవీ, నడుం కమిలినవీ, జెర్రిపోతులు, నాగుపాములు, అన్నీ తెల్లారేసరికి నా గుమ్మం ముందు లైను. తోసుకోవడం లేదండి, మర్యాదగా ఒకదాని వెనక ఒకటి. ఆ జానెడు పిల్లే వాటికి నా సంగతి చెప్పుంటది. అన్నిటికీ కట్లు కట్టాను. నయమయ్యాక వెళ్ళమంటే వెళ్తేగా? గోడకి బల్లలు కొట్టించి, ఒక్కోదానికి ఒక్కో అర ఇచ్చాను. నాగుపాము గేటు కాడ డ్యూటీ చేస్తది, నేను కునుకు తీస్తాను."

ఫొటో ఉంటే చూపించమన్నాడు ఓ తండ్రి. ఫ్లాష్ పడితే వాటికి కోపమని, కిందటి ఫోను ఒకటి అలా చుట్టి నలిపేసిందని బుల్లియ్య జవాబు.

"ఇదంతా ఒక ఎత్తు. నా పేరు విని పాపికొండల్నుంచి కొండచిలువొకటి కాలవ పట్టుకుని ఈదుకుంటా వచ్చింది. ఎంత పొడుగంటే, తల నా గదిలో పెట్టుకుంటే తోక పిల్లల హాలు దాటి వంటగదిలో తేలతది. దాన్ని కొక్కేలకి తగిలించాం. పిల్లలు దాని మీదే తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నారండి."

తండ్రులు నవ్వారు. లోవలక్ష్మికీ కాస్త ఊపిరాడింది. కొండచిలువ అబద్ధం. లైను కట్టిన నాగుపాములు అబద్ధం. ఆయన ఇంకా పెద్ద అబద్ధం చెప్తే బాగుండునని ఆశగా చూసింది. ఆయన చెప్పాడు కూడా: పొద్దున ప్రార్థనకి గంట కొడితే పాములన్నీ తోక మీద లేచి నిలబడతాయట, ఆలస్యంగా లేచిన పిల్లల దుప్పట్లు లాగేస్తాయట. కానీ ఎంత విన్నా ఆ బిస్కెట్ డబ్బా మాత్రం ఆమె మనసులోంచి కదల్లేదు. కొండచిలువకి చేతులు బార్లా చాపినాయన ఆ పాముపిల్లని మటుకు జానెడే చూపించాడు. మూతకి చిల్లులు మేకుతో పొడిచానన్నాడు.

"బుల్లియ్య గారూ, ఆ మొదటి పాము ఇప్పుడెక్కడుందండి?"

"అదా... ఉందమ్మా, వాటిల్లోనే ఎక్కడో..."

టీకొట్టు జ్ఞానమ్మ టీ వడపోస్తూ, ఇటు తిరక్కుండానే అంది: "అన్ని పాములకి అరలిచ్చావు కదా బుల్లియ్యా, గురువారం నుంచి గది వదిలేసి నా బెంచీ మీదెందుకు పడుకుంటున్నావో అది కూడా చెప్పు."

తండ్రులు బుల్లియ్య వైపు తిరిగారు.

బుల్లియ్య గ్లాసులోకి చూస్తూ, డబ్బా మూత సరిగా పడక అది ఎటో జారుకుందన్నాడు. చెప్తే ఉద్యోగం పోద్దని వార్డెన్ గారికి చెప్పలేదట.

"దాని ఒంటి మీద గళ్ళున్నాయా, కట్లున్నాయా?" అని అడిగింది లోవలక్ష్మి. గళ్ళయితే నీటిపాము. వాళ్ళాయన వలలో ఎన్నోసార్లు పడింది, కరిచినా ఏం కాదు. కట్లయితే కట్లపాము, నేల మీద పడుకున్న పిల్లాడు కరిచిందని కూడా తెలియకుండానే...

"ఒంటి మీదేముందో చూళ్ళేదమ్మా. కళ్ళు మూసుకుని మావు డబ్బాలోకి దులిపాను."

"పసుపు రాశానన్నారు?"

"డబ్బాకి రాశాను."

ఆమె లేచి గేటు దగ్గరికెళ్ళి, తీసేదాకా కొట్టింది. సంగతి విని వార్డెన్ గారు పిల్లలందర్నీ ఆవరణలోకి పంపించేశారు. ఆ వరసలో దుర్గాసాయి "అమ్మా" అన్నాడు. ఆమె వెంటనే వాడి పాదాలూ చేతులూ తడిమి, అక్కడే ఉండమని చెప్పి లోపలికెళ్ళింది. తండ్రులు ట్రంకు పెట్టెలు ఒక్కొక్కటే లాగారు, చాపలు కర్రలతో ఎత్తి దులిపారు. బుల్లియ్య గుమ్మం బయట నిలబడి, అటు కాదు ఇటు అని చెప్తున్నాడు.

ఆఖరికి హాలు మూల, నీళ్ళ డ్రమ్ము కింద తడి గోనెసంచి ఎత్తితే కనపడింది. చల్లదనానికి చుట్ట చుట్టుకుని ఉంది. లోవలక్ష్మి వంగి చూసింది. గళ్ళే. నీటిపామే. చీపురుతో దాన్ని ఆ బిస్కెట్ డబ్బాలోకి తోసి, మూత గట్టిగా నొక్కింది.

ఆమె బయటికొచ్చేసరికి బుల్లియ్య చుట్టూ పిల్లలు. "నేనిటు కాపు కాయబట్టి గాని, అది పడగ విప్పితే ఈ హాలు సరిపోదురా" అంటున్నాడు. దుర్గాసాయి నోరు తెరుచుకుని వింటున్నాడు.

లోవలక్ష్మి ఒక చేతిలో కేరేజీ, ఒక చేతిలో డబ్బాతో ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"బుల్లియ్య గారూ, ఇది కాస్త పట్టుకుని కాలవలో వదిలేసి రండి. మా వాడికి అన్నం కలిపి పెట్టాలి, నాకు చెయ్యి ఖాళీ లేదు."

బుల్లియ్య రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.