ఎల్ అంటే లో

హలో… ఆ, నేనే. నంబరూ మారలేదు, గొంతూ మారలేదు. నువ్వే అక్కకి ఫోన్ చేయడం మర్చిపోయావు.

ఆగాగు… ఇక్కడ గ్రైండర్ తిరుగుతోంది, ఒక్క ముక్క వినపడట్లేదు. బయటికి రానీ… ఆ. ఇప్పుడు చెప్పు.

బాగానే ఉన్నా… మీ బావా బాగానే ఉన్నాడు… ఆ, పిల్లలూ బాగానే ఉన్నారు. ఇంక ఇంట్లో ఎవరూ మిగల్లేదురా అడగడానికి. అసలు సంగతికి రా. నువ్వు నా క్షేమం కోసం ఫోన్ చేశావంటే ఏ ట్యాంకో పగిలి ఉండాలి…

ఏంటి?… నిజంగానే పగిలిందా? నేను ఊరికే అన్నానురా!

ఎవరి ట్యాంకు?… వెనిగర్ కంపెనీ వాళ్లదా! అంత పెద్ద పని నీ చేతికెవరిచ్చారు?… 'నాన్న పేరు చూసి' ఇచ్చారు. అలా చెప్పు. నీ మొహం చూసి ఇచ్చారేమోనని ఒక్క క్షణం హడలిపోయాను.

ఎక్కడ పగిలింది?… కాలి దగ్గర. నీళ్లు నింపి చూస్తే, ట్యాంకుకి కాలు అతికించిన చోట చెమ్మ… ఒక్క కాలేనా?… 'ప్రస్తుతానికి ఒక్కటే.' ఆహా, ఎంత నిబ్బరం! మిగతావి కూడా వరసలో నిలబడే ఉంటాయిలే, కంగారు పడకు.

ఏ వెల్డింగ్ రాడ్ కొట్టావు?… కంపెనీ పేరు నాకెందుకురా, నంబరు చెప్పు… రాడ్లే బాలేదంటావా? ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. నంబరు—

మూడొందల పదహారు. సరే, ట్యాంకుకి అదే కావాలి. మరి కాళ్లు? అవీ స్టెయిన్‌లెస్సేనా?…

మామూలు ఇనుము.

అంటే ఇనప కాళ్లు తెచ్చి, స్టెయిన్‌లెస్ ట్యాంకుకి ఆనించి, మధ్యలో మూడొందల పదహారు కొట్టేశావు… 'ఖరీదైన రాడ్ కదా, ఇంకా గట్టిగా పట్టుకుంటుందనుకున్నా'నా? ఖరీదైన చొక్కా వేసుకుంటే నీకు పని వచ్చిందిట్రా?

ఒరేయ్, నాన్న మొత్తుకుని చెప్పేవాడు కదరా. ఇనుముకీ స్టెయిన్‌లెస్‌కీ వియ్యం కలపాలంటే మూడొందల తొమ్మిదే పెద్దమనిషి అని. చెప్పేవాడా, లేదా?… 'ఏమో, గుర్తులేదు.' వింటే కదా గుర్తుండటానికి. ఆయన చెప్పేటప్పుడు నువ్వు షాపు షట్టర్ దగ్గర కుర్చీలో వాలి ఫోన్ చూసుకునేవాడివి. హోల్డర్ పట్టుకుని అతుకులేసింది నేను.

విను, ఇప్పుడైనా. కరిగించినప్పుడు ఆ కాలి ఇనుము కూడా కొంత అతుకులోకి వచ్చి కలుస్తుంది. అది కలిసినా తట్టుకోవాలని మూడొందల తొమ్మిదిలో క్రోమియం, నికెల్ ముందే ఎక్కువ పోస్తారు. నీ మూడొందల పదహారులో అంత మిగులుండదు. అతుకు పెళుసెక్కుతుంది, బరువు పడగానే చిట్లుతుంది. చూడ్డానికి మాత్రం తళతళా మెరుస్తూనే ఉంటుంది, నీలాగే.

…కాదంటావా? ఎవరు చెప్పారు?… రాడ్లు అమ్మే కొట్టువాడు. వాడు అమ్ముకునేవాడురా, వాడి దగ్గర అది ఉంటే అదే మంచిదంటాడు… ఆహా… ఆహా… సరే, నువ్వు చెప్పిందే రైటు. నీ ట్యాంకుకి నాలుగు కాళ్లున్నా, నువ్వు పట్టిన కుందేలుకి మాత్రం మూడే. మరి రైటయితే నాకెందుకు ఫోన్ చేశావు?

…

ఆ. అలా దారికి రా.

ఇప్పుడేం చేద్దామని?… పగులు మీద ఇంకో వరస కొట్టి, గ్రైండ్ చేసి, పాలిష్ పెట్టేద్దామనా? మసిపూసి మారేడుకాయ! కింద పగులు అలాగే ఉంటుందిరా, పైన నీ కొత్త వరస దుప్పటిలా కప్పుకుని పడుకుంటుంది. రేపు ట్యాంకు నిండా వెనిగర్ పోశాక నిద్ర లేస్తుంది. దాని కింద మనుషులు నడుస్తారు. ఆ సంగతి నీ బుర్రకి తట్టిందా?… తట్టిందా, లేదా?…

తట్టలేదు. కనీసం ఇదైనా నిజం చెప్పావు.

సరే, ట్యాంకు అతుకుల సంగతేంటి? వాటికైనా నంబరు చివర ఎల్ ఉన్న రాడ్ కొట్టావా?… 'లోపల కొట్టా'నంటే? బయట?… బయట ఎల్ లేనిది. మిగిలిపోయిన పాత ప్యాకెట్టు… ఎందుకురా అలా? ఒకే అతుక్కి లోపలొకటి, బయటొకటి ఎందుకు?

మళ్లీ చెప్పు…

'ఎల్ అంటే లో అని నాన్న చెప్పాడు కదా.' అవును, చెప్పాడు. అయితే?…

…ఒరేయ్.

ఒరేయ్ నా తండ్రీ. లో అంటే లోపల అనుకున్నావా!

ఉండు… మాట్లాడకు… నన్ను నవ్వనీ. గోడ పట్టుకోనీ… అమ్మో, కడుపు నొప్పి… లోపలి అతుక్కి 'లో' ఉన్న రాడ్, బయటి అతుక్కి 'లో' లేని రాడ్! నీ తెలుగుకి దణ్ణంరా నాయనా! అది ఇంగ్లీషు లో. లో అంటే తక్కువ. కార్బన్ తక్కువ!… కార్బన్ ఎక్కువుంటే ఆ వేడికి క్రోమియాన్ని కాజేస్తుంది. ఇంక ఆ అతుకుని తుప్పు నుంచి కాపాడేదెవరు, నువ్వా? వెనిగర్ కారినచోటల్లా బయట గోధుమరంగు చారలు దిగుతాయి… ఏంటి, అప్పుడే దిగాయా?… కొంచెం పోసి చూశారా. దిగవూ మరి!

పైన పటారం, లోన లొటారం అంటారు. నువ్వు దాన్నీ తిరగేశావు. లోపల పటారం, బయట లొటారం. ఈ సామెతని కూడా పాడు చేసిన మొనగాడివి నువ్వొక్కడివే.

ఏ బ్రష్‌తో రుద్దావు?… ఇనప బ్రష్. దాని తుప్పు కూడా స్టెయిన్‌లెస్‌కి అంటించావన్నమాట. అడక్కుండా ఉండాల్సింది.

నాన్నకి చూపించావా ఇదంతా?… ఆయనకి చేతులు వణుకుతున్నాయి, సరే. నేను అడిగింది చేతుల సంగతి కాదు. కళ్లున్నాయి కదా, నోరుంది కదా? చూపించావా?… 'తర్వాత చెబుతా'నా. సరే, దాచుకో.

ఇప్పుడు నాతో పనేంటి? తొందరగా చెప్పు, భోజనం గంట అయిపోవస్తోంది…

సాయంత్రం కంపెనీ ఇన్స్‌పెక్టర్ వస్తున్నాడు. ఊఁ… కాలి అతుకు తన కళ్లముందే విప్పి, తన కళ్లముందే మళ్లీ చేయమన్నాడు. ఊఁ. తెలివైనవాడే… బాగుంటే ట్యాంకు తీసుకుంటారు, లేకపోతే వెనక్కి. వెనక్కొస్తే షట్టర్ దించేయాల్సిందే… అది నిజమేలే. వెనక్కొచ్చిన ట్యాంకు షాపు ముందు పడుంటే, ఇంకెవరూ గేటు గడియ కూడా చేయించుకోరు.

అయితే నన్ను రమ్మంటావు.

…ఏంటీ? మెల్లగా చెప్పు. నువ్వు జాకెట్టూ మాస్కూ వేసుకుని ఆయన ముందు నిలబడతావు… 'రాడ్లు తెస్తా'నని వెనక గదిలోకి వెళ్తావు… అక్కడ అదే జాకెట్టూ అలాంటి మాస్కూ తగిలించుకుని నేను కూర్చుని ఉంటాను… బయటికి నేనొస్తాను. ఇద్దరం ఒకే ఎత్తు. మాట్లాడకూడదు. మాస్క్ ఎత్తకూడదు. పనైపోగానే మళ్లీ వెనక గదిలోకి.

ఇది నీ బుర్రలోంచే వచ్చిందా?… ఆహా. మూడొందల తొమ్మిది గుర్తులేనివాడికి ఎన్ని తెలివితేటలో!

ఎందుకురా అంత నాటకం? మా అక్క చేస్తుందని చెప్పడానికి నోట్లో పుండా?… 'షాపులో వెల్డింగంతా నేనే చేస్తానని చెప్పా.' గొప్పలకి పోయి చెప్పావు, ఇప్పుడు తిప్పలు పడు.

ఒక్క మాట అడుగుతా. నేను చేశాక అతుకు పక్కన ఏ గుర్తు కొడతావు?… ఏ గుర్తు అంటావేంట్రా. ఎవరు చేసిన అతుక్కి వాళ్ల గుర్తు కొట్టాలని నాన్న ఉక్కు పంచ్‌లు అరగదీసి ఇచ్చాడే, నాకు చుక్క, నీకు సున్నా. ఆయన ముందుచూపు చూడు, నీకు సున్నా అని అప్పుడే తేల్చేశాడు… చెప్పు. ఏది కొడతావు?

సున్నా.

నేను చేసిన పనికి నీ సున్నా.

నీకు సిగ్గు—

ఆగు. ఎవరది?… కాదు, ఎవరో దగ్గారు… రేడియో కాదు. నాన్న దగ్గు నాకు తెలీదా? స్పీకర్ పెట్టావా?… పెట్టావా, లేదా?

…

నాన్నా.

ఎప్పట్నుంచి వింటున్నావు?… మొదట్నుంచీ. బాగుంది. వాడి 'లో' కూడా విన్నావన్నమాట… నవ్వు రాలేదా?… నాకూ ఇప్పుడు రావట్లేదులే.

ఆ మాస్కుల నాటకం నీకు ముందే తెలుసా?… మాట్లాడు నాన్నా. దగ్గు సమాధానం కాదు… తెలుసు. తెలిసే ఒప్పుకున్నావు.

…'వాడి పరువు పోతుందమ్మా.' వాడి దగ్గర లేనిది ఎలా పోతుంది? ఉన్నదంతా నీది. దాన్ని వాడు ఇనప బ్రష్ పెట్టి రుద్దుతున్నాడు… లేదు, నన్ను చెప్పనీ. పెళ్లయిన పిల్లవి, నిప్పురవ్వల మధ్య నీకెందుకన్నావు. ఊరుకున్నాను. బోర్డు మీద 'అండ్ సన్' రాయించావు. ఆ రంగు డబ్బా మూత తీసిపెట్టింది నేనే, గుర్తుందా?… ఏడ్చుకుంటూ వచ్చేశాను నాన్నా. వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీలో చేరాను. ఇవాళ ఈ షిఫ్టులో ఎంతమంది వెల్డర్లున్నారో అంతమంది అతుకులూ నేను చూశాకే బయటికెళ్తాయి. ఇక్కడ నన్నెవరూ మాస్క్ దించుకోమని అడగలేదు.

వాడు లో అంటే లోపల అనుకున్నాడని నవ్వాను. వాడి తప్పేముంది? నాకు జరిగింది చూసే నేర్చుకున్నాడు. మంచి రాడ్‌ని లోపల దాచి, మిగిలిపోయింది బయట పెట్టడం ఆ షాపులో అలవాటేగా…

…

ఏడుస్తున్నావా?… ఏడవకు. ఏడిస్తే నేను కరిగిపోతాను, కరిగితే కోపం తగ్గుతుంది, నాకిప్పుడది తగ్గకూడదు.

విను. వస్తాను. నీ కోసం కూడా కాదు, ఆ ట్యాంకు కింద నడిచేవాళ్ల కోసం. కానీ వెనక గదిలోకి రాను. వీధి వైపు నుంచే వస్తాను. నా మాస్క్ నాకుంది. ఇన్స్‌పెక్టర్ అడిగితే ఎత్తి మొహం చూపిస్తాను… ఆయనకి నన్ను ఎవరని చెబుతావు?… వినపడలేదు… 'మా పెద్దమ్మాయి'నా? కాదు. కూతురైతే ఆయనకెందుకు? నేను పెళ్లిచూపులకి రావట్లేదు. వెల్డర్ అని చెప్పు… ఇంకోసారి. గట్టిగా, వాడికి కూడా వినపడాలి…

ఊఁ.

వాణ్ణి వినమను. నీళ్లు మొత్తం వదిలేసి ఆరబెట్టాలి. ఆ ఇనప బ్రష్ అవతల పారేయాలి. పగులు మీద చెయ్యి వేయొద్దు, ఇన్స్‌పెక్టర్ ముందే నేను తొలిచి, పగులు మిగిలుంటే పట్టిచ్చే ఎర్ర డై కొట్టి, ఎక్కడా ఎరుపు కనపడకుండా చేశాకే మళ్లీ అతుకుతాను. నాలుగు కాళ్లకీ. బయటి అతుకులు వేరే రాడ్‌తో చేశామని ఆయనకి వాడే తన నోటితో చెప్పాలి, అవన్నీ తీసి మళ్లీ చేయాలి, దానికి గడువూ వాడే అడగాలి. మూడొందల తొమ్మిది ఎల్ నేను తెస్తాను. వాడు తెస్తే ఏ 'లో' తెస్తాడో!

ఇంకోటి. నా చుక్క పంచ్ ఎక్కడుంది?… నీ డబ్బాలో లేదా? మరి?… వాణ్ణే అడుగు…

గోడకా!

గోడకి మేకులా దిగ్గొట్టి చొక్కా తగిలించుకుంటున్నాడా? నా పంచ్‌కి?… తల వైపు బయటుందా, మొన బయటుందా?… మొన లోపలికి. ఇంకేముంది, చుక్క అరిగిపోయి ఉంటుంది… 'ఒకవేళ బాగానే ఉంటేనో'నా?… నీ ఆశకి అంతు లేదు నాన్నా.

…ఏంటా చప్పుడు?… సుత్తి ఎవరి చేతిలో ఉంది?… నువ్వేనా? నీ చేతులు… వాడికివ్వు… ఇవ్వవా?… నేరుగా కొట్టకు నాన్నా, పక్కల నుంచి. ఇటొకటి, అటొకటి. వదులయ్యాక పట్టకారుతో మెల్లగా తిప్పుతూ లాగు, మొన విరుగుతుంది…

ఫోన్ ఎక్కడ పెట్టావు?… భుజానికీ చెవికీ మధ్యా! పడిపోతుంది. పెట్టెయ్ నాన్నా. దానికి రెండు చేతులూ కావాలి.

పెట్టెయ్. బయల్దేరుతున్నాను.