రెండోసారి

జర్మనీలోని మాన్‌హైమ్ రాజకొలువు నాటకశాలలో పొద్దున్నే సాధన. ముప్ఫై ఏళ్లుగా అక్కడ పాడుతున్న గాయని కొత్త పాట కాగితాలు తిరగేసి, ఆ పాట కట్టిన కుర్రవాడి కేసి చూసింది.

“ఏమయ్యా, చివర్లో మొదటి భాగం మళ్లీ పాడాలని రాయడం మరిచిపోయావా?”

“మరిచిపోలేదమ్మా. ఇప్పుడు ఒక్కసారి పాడితే చాలంటున్నారు.”

“మొదటిసారి పాడేది నువ్వు రాసింది. రెండోసారి వేసే సంగతులు నావి. జనం వచ్చేది వాటికోసమే!”

“నిజమేనమ్మా.”

“మరి కొత్తగా చేరిన ఆ పిల్లకి నువ్వు కట్టిన పాటలో రెండోసారి ఉందేం?”

అతను తల దించుకోవడంతో ఆమెకు విషయం అర్థమైంది.

“ఈస్టర్ నాడు పాడుతుంటే నాకు ఊపిరి అందలేదు. వయొలిన్ల హోరులో ఎవరికీ తెలియలేదనుకున్నాను.”

“నేను ముందు వరసలోనే ఉన్నానమ్మా.”

ఆమె కాసేపు కాగితాలు సర్దుకుంది.

“సరే. ఎవరైనా అడిగితే, ఇప్పుడిదే కొత్త పద్ధతని చెప్పు.”