తెల్లకాళ్ళ పెయ్య

కన్నాయమ్మని ఒకావిడ, కొండకింద వాడలో ఉండేది, మాట కాస్త పెళుసు, దేవుడు చల్లగా చూళ్ళేదంట. కూతురు పురిట్లోనే పోయింది. చేతిలో పసిగుడ్డు మిగిలింది. పక్కింటి బాలింత తన పిల్లకి పాలిచ్చాక మిగిలితే కాస్త పట్టేది, అవేం సరిపోతాయి? ఇక ఉన్నదల్లా ఒక చూడి గేదె. అది ఈనితే పిల్ల బతుకుద్ది, లేకపోతే లేదు, అంతే అనుకోండి. ఈనింది. ఏమైందంటే, దూడ చచ్చిపుట్టింది. దూడ లేకపోతే గేదె చేపదు కదా. ఇప్పటివాళ్ళకి చేపడమంటే తెలీదు, పాకెట్ పాలు తాగే మొహాలు. దూడ వచ్చి మూతి పెడితేనే పాలు కిందికి దిగుతాయి, అదీ చేపడమంటే. చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి ముందర నిలబెడితే కొన్ని నమ్ముతాయి. ఇది నమ్మే రకం కాదు, కాలెత్తి తన్నింది.

ఆ బాధలోనే విస్తళ్ళు కుట్టే అడ్డాకులకని అడివికెల్లిందంట. ఎల్తే ఏముంది, వెదురుపొదలో ఒక పెయ్యదూడ, ఎర్రగా, ఒంటరిగా పడుకోనుంది. ఎవరి మందలోదో తప్పిపోయింది, దేవుడే పంపాడు నాకు అనుకుని భుజానేసుకొచ్చేసింది. వచ్చి ఏం చేసింది? చచ్చిన దూడని తుడిచిన గోనెపట్టా ఉంది కదా, దాంతో ఈ పెయ్యని మూతి నుంచి తోకదాకా రుద్దింది. గేదె వాసన చూసింది, నాకింది, చేపింది. పెయ్య తాగిందాక ఆగి మిగిలినవి పిండుకుని, పిల్లకి ఉగ్గుగిన్నెతో పట్టింది కన్నాయమ్మ. పట్టి, అప్పుడేడ్చిందంట కూతురి కోసం. అప్పటిదాకా ఏడవడానికి తీరికేదీ?

పెయ్య పెరిగింది, పిల్లా పెరిగింది. పెయ్య ఒళ్ళు నల్లబడింది, బానే ఉంది. కానీ మోకాళ్ళ కింద తెల్లబడతంది, సున్నంలో దిగొచ్చినట్టు. వీపు మీద గూను లేస్తంది. ఇదేంటబ్బా అనుకుంది కన్నాయమ్మ, పీచు పెట్టి తోమింది, పోలేదు. అప్పటికే పొద్దుగూకేసరికి అడవిదున్నల మంద వాడ చుట్టూ తిరగడం, జొన్నచేలు తొక్కెయ్యడం మొదలైంది. పెద్దకాపు సన్యాసిరెడ్డి వచ్చాడు, వరసకి మరిది అవుతాడులే. వదినా, నీ పెయ్య కోసమే వస్తంది ఆ మంద, అది గేదె కాదు, అడవిదున్న అన్నాడంట. నీ మొహం, మా గేదె పాలు తాగేది గేదె కాకేమవుద్ది అందీవిడ. మరి గూనేంటి? తిండెక్కువై. కొమ్ములు వెనక్కి వాలకుండా పైకి చూస్తన్నాయేంటి? మొలకలేగా, వాల్తాయిలే. సరే వదినా, రేపు బురదగుంట దగ్గరికి తోలుకురా, గేదైతే బురద చూసి ఆగదు, అడవిదున్నైతే దిగదు, అక్కడే తేలుద్ది. గేదైతే ఉంచుకో, దున్నైతే వదిలెయ్యి, ఊరి తిండి పోతంది అన్నాడు.

కన్నాయమ్మ లెక్క కన్నాయమ్మది. పెయ్య పోతే గేదె చేపదు, గేదె చేపకపోతే పిల్ల ఏం తాగుద్ది? తెల్లారగట్లే లేచి, కుండ అడుగు మసి ఆముదంలో కలిపి పెయ్య కాళ్ళకి దట్టంగా పట్టించింది. చూడండి ఆవిడ తెలివి.

ఎండెక్కింది. ఊరంతా గట్టు మీద చేరింది, పనులు మానుకుని మరీ. గేదె గుంట చూడగానే దిగి, ముట్టె ఒక్కటి బయటపెట్టి పడుకుంది. పెయ్య దిగదే! కన్నాయమ్మ మెడ కావిలించుకుని లాగింది, మోకాళ్ళదాకా ఆవిడే బురదైంది గానీ పెయ్య గట్టు దిగలా. ఒంట్లో బాలేదు దానికి అంది. అంతలో ఏమైందంటే, పెయ్య గింజుకోవడం చూసి గేదె బురదలోంచి లేచొచ్చింది. వచ్చి కాళ్ళు నాకడం మొదలెట్టింది. నాకేకొద్దీ మసి పోతంది, తెలుపు బయటికొస్తంది, గేదె నాలుకేమో నల్లగా! ఒక్కరూ నవ్వలేదంట. వదినా, అన్నాడు పెద్దకాపు మెల్లగా. తెలుసులే మరిదీ, నాకు ఎప్పుడో తెలుసు అందంట కన్నాయమ్మ.

ఆవిడే తోలుకెళ్ళి అడివి మొదట్లో పలుపు విప్పింది. పెయ్య వెనక్కి చూసింది, ముందుకి చూసింది. లోపల్నించి మంద బుసకొట్టిన చప్పుడు. పోయింది.

ఇంటికొస్తే గేదె అరుపు. తవుడు పెట్టింది, తెలగచెక్క పెట్టింది, మెడ నిమిరింది, చుక్క దిగలా. లోపల పిల్ల గుక్కపట్టింది. అప్పుడు కన్నాయమ్మ పెయ్య పడుకున్న గోనెపట్టా తీసుకొచ్చి, అదే, మొదట రుద్దిన పట్టానే, దాంతో ఏడుస్తున్న మనవరాలిని మూతి నుంచి కాళ్ళదాకా రుద్దింది. రుద్ది తీసుకెళ్ళి గేదె మూతి కింద పెట్టింది. గేదె వాసన చూసింది. చూసి చూసి, నెత్తి మీద ఒక్క నాకు నాకింది. పొదుగు కింద చెయ్యి పెడితే, చేపేసింది!

పైకి చూసే కొమ్ములు, తెల్లకాళ్ళు, గూను, బురద పడకపోవడం, తేడాలన్నీ ఆ రోజు ఊరంతా కలిసి తేల్చారు. గేదెని మాత్రం ఎవరూ అడగలా. ఆ పిల్ల మా అమ్మేలెండి. ఎండాకాలం ఏట్లో దిగిందంటే, తల ఒక్కటి బయటపెట్టి, ఎవరు పిలిచినా గట్టెక్కేది కాదు. మా నాన్న కేకలేస్తే, నేను తాగింది గేదెపాలు, అడవిదున్నపాలు కాదు మరి, అనేది.