రోకలి పడ్డాకే బండెక్కాలి

“తాతయ్యా, సోమవారం మా కాలేజీలో గ్రహణాల గురించి నేను మాట్టాడాలి. పుస్తకంలో ఉన్నట్టు చెప్తే ఒక్కళ్ళూ వినరు. నువ్వయితే ఎట్టా చెప్తావో చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుంటా. నేను పుట్టిన రోజు సంగతి గూడ కావాలి.”

పెట్టావా? మొదలైందా? ఎర్ర చుక్క కనపడతందిలే. కొంచెం దూరంగా పెట్టమ్మా స్వాతీ, నాది అసలే మైకు గొంతు.

ముందే చెప్తన్నా, నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినోణ్ణి. అంటే మిగతావాళ్ళు నేర్చుకున్నదానికి రెట్టింపు నేర్చుకున్నట్టే గదా. ఆ తర్వాత నా చదువంతా పకోడీ పొట్లాల మీదే. నవ్వకు. వెల్దుర్తి సెంటర్లో ఒకాయన పాత పుస్తకాలు చించి పొట్లాలు కట్టేవాడు. తిన్నాక కాగితం పారెయ్యకుండా చదివేవాణ్ణి. అట్టా నేర్చుకున్నా గ్రహాలూ, చుక్కలూ, వెలుతురూ. మధ్యలో నూనె మరకలు పడి శనిగ్రహం సంగతి ఇప్పటికీ నాకు సగమే తెలుసు. చుట్టూ ఒక గాజు ఉంటదంట గదా, ఎందుకుందో ఆ ముక్క ఎవరు తిన్నారో.

ఆ చదువుతో టీకొట్టు దగ్గర లెక్చర్లు ఇచ్చేవాణ్ణి. అప్పుడు టీ నలభై పైసలు. అందరూ సైన్సు సాంబయ్య అనేవాళ్ళు. అంటే నా ముందు అట్టా అనేవాళ్ళు, నేను లేచి వెళ్ళాక ఏమనేవాళ్ళో నీకెందుకులే.

ఒకరోజు ఒకాయన అడిగాడు, సూర్యుడికి తాడూ లేదు, మోకూ లేదు, భూమిని ఎట్టా పట్టుకున్నాడయ్యా అని. నేనన్నా, మా మేనమామ వీరయ్యని చూశావుగా. చానా భారీ మనిషిలే. ఆయన నులకమంచం మీద కూసుంటే మధ్యలో గుంట పడేది. పక్కన ఆరబోసిన శనక్కాయలన్నీ దొర్లుకుంటా ఆయన ఒళ్ళోకే. ఆయన లాగాడా? లాగలా. మంచం వంగింది, కాయలు దొర్లినయ్. సూర్యుడూ అట్టాగే బరువుకి చుట్టూ ఉన్న చోటుని వంచేస్తాడు. “మరి భూమి గూడ దొర్లి ఆయన ఒళ్ళో పడదేం?” అన్నాడు ఆయన. పరిగెడతంది గనక పడదు అన్నా. జొన్నచేలో పిట్టల్ని తోలటానికి వడిసెల తిప్పుతాం గదా, తిప్పుతున్నంతసేపూ రాయి నెత్తిన పడుద్దా? పడదు. ఆపితే నీ నెత్తి, నీ ఇష్టం.

చుక్కల వెలుతురు సంగతి గూడ అంతే. రాత్రి నువ్వు చూసే చుక్క ఇప్పటి చుక్క కాదమ్మా. ఆ వెలుతురు ఎప్పుడో బయల్దేరింది. పూర్వం శుభలేఖ పోస్టులో వేస్తే పెళ్ళయిపోయినాక చేరేది. మనం ఈడ కార్డు పట్టుకుని మురుస్తంటే ఆడ పెళ్ళికూతురు ఒక బిడ్డ తల్లయ్యేది. చుక్క గూడ పంపించేది శుభలేఖే. అది ఇంకా ఉందో లేదో మనకి తెలవదు. ఇంక బ్లాక్ హోల్ అంటారే, అది మీ అమ్మమ్మ బీరువా. నా పట్టుపంచె మీ అమ్మ పెళ్ళప్పుడు లోపలికెళ్ళింది...

ఏందీ? ఏం లేదే, నీ సంగతి కాదు, చుక్కల సంగతి!

మీ అమ్మమ్మ వింటందిలే. వంటింట్లో ఉన్నా చెవులు ఈడే ఉంటయ్. సరే, గ్రహణం.

టూరింగ్ టాకీసు నువ్వు చూళ్ళేదు గదా. నేల టికెట్టు తీసుకుని ఇసకలో కూసునేవాళ్ళం. సరిగ్గా నా ముందు ఎవడో తలపాగా ఆయన కూసునేవాడు. అంతే, హీరో పోయె, హీరోయిన్ పోయె. తెర పోయిందా? పోలా. ఎవరన్నా మింగారా? మింగలా. తలపాగా అడ్డమొచ్చింది. పక్కన కూసున్నోడికి సినిమా బాగానే కనపడతంది. సూర్యుడు తెర, చంద్రుడు తలపాగా, మనం నేల టికెట్టు. అంత పెద్ద సూర్యుణ్ణి ఇంత చంద్రుడు ఎట్టా మూస్తాడని అడుగుతారు మీ వాళ్ళు. బొటనేలు కంటి దగ్గర పెట్టుకోమను, ఎదురుగా కొండ కనపడదు. మరి అమావాస్య అమావాస్యకీ రాదేం అంటారు. తలపాగా ఆయన రోజూ సినిమాకొస్తాడు గానీ సరిగ్గా నీ ఎదురుగానే కూసోడుగా. ఒకరోజు కొంచెం పైకి, ఒకరోజు కొంచెం కిందకి. ఎప్పుడో ఒకసారే నీ ఖర్మ.

ఇది రాసుకో, బాగుంటది. కానీ ఇదే ముక్క నువ్వు పుట్టిన రోజు చెప్పి నేను ఎంత భంగపడ్డానో అది గూడ విను.

మీ అమ్మ కాన్పుకి మనింటికొచ్చింది. ఇంకా టైముందన్నారు. ఆ రోజు మిట్టమధ్యాన్నం సూర్యగ్రహణం. మీ అమ్మమ్మ పొద్దున్నే పచ్చళ్ళ మీద, పాల మీద గరికపోచలు వేసి, మీ అమ్మని నడింట్లో పడుకోబెట్టి, కదలొద్దు, గోక్కోవద్దు, కత్తిపీట వైపు చూడొద్దు అన్నది. పట్టు టైముకి ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి నడింట్లోనే అందులో రోకలి నిలబెట్టింది. మన ఇళ్ళల్లో అదే గదా గడియారం. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి నిలబడుద్దంట, విడవగానే దానంతట అదే పడుద్దంట.

మీ అమ్మమ్మని తప్పు పట్టమాక. వాళ్ళక్క కొడుక్కి పెదవి చీలి పుట్టింది. గ్రహణం రోజు వంకాయలు తరిగిందని ఊరు ఊరంతా ఆమెని ఆడిపోసుకున్నది. పెళ్ళికెళ్తే అదే మాట, పేరంటానికెళ్తే అదే మాట. అది గ్రహణం వల్ల కాదు, ఇప్పుడు డాక్టర్లు చక్కగా కుట్టేస్తారు, ఆ పిల్లాడు గూడ బాగానే ఉన్నాడు. కానీ వాళ్ళక్క ఏడుపు ఈమె కళ్ళారా చూసింది. నేను చదివింది పకోడీ పొట్లాల్లో, ఆమె చదివింది వాళ్ళక్క మొహంలో.

ఇట్టా పట్టు మొదలయిందో లేదో, మీ అమ్మకి ఉమ్మనీరు పోయింది. నర్సమ్మకి ఫోన్ చేశా. ఆమె కేకలేసింది, ఇంట్లో ఉంచొద్దు, ఉన్నపళంగా మాచర్ల తీసకెళ్ళండి, బిడ్డకి ప్రమాదం అని. మీ నాన్న నరసరావుపేటలో బయల్దేరాడు గానీ బస్సేది, రోడ్డు మీద కాకి గూడ లేదు. మన పక్కింటి మస్తాన్ ఉన్నాడే, ఆటో తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. “బావా, మా అమ్మ గూడ బయటికెళ్ళొద్దన్నది. అయినా వచ్చా. బండి స్టార్టింగ్‌లోనే ఉంచుతున్నా, మీరూ మీరూ తేల్చుకోండి,” అన్నాడు.

మీ అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “రోకలి పడ్డాకే బండెక్కాలి,” అన్నది.

ఇంక నేను మొదలుపెట్టా లెక్చరు. తలపాగా ముక్క చెప్పా. అంతా విన్నది. “సరే, ఆ తలపాగా ఆయన లేచిందాకా నా కూతురు గడప దాటదు,” అన్నది. నేను ఊరుకున్నానా? చంద్రుడు గొడుగే, ఇది గొడుగు నీడ, నీడలో నడిస్తే కీడేందే అన్నా. “ఎండలోకి రాని పాము నీడకే వస్తది,” అన్నది. నేను ఒక్కో పోలిక చెప్పటం, చూస్తే అది తిరిగి నామీదే పడటం! మీ అమ్మ మంచం మీంచి, “నాన్నా, నీకు దణ్ణం పెడతా, సైన్సు ఆపి ఏదో ఒకటి చెయ్యి,” అని ఏడుస్తంది.

అప్పుడన్నా ఊరుకోవాలా వద్దా? రోకలి మీద పడ్డా. “ఇది గ్రహణానికి నిలబడలేదే పిచ్చిదానా! కింద ఈ ఇనప పొన్ను చూడు, మొన్ననే కొత్తగా వేయించాం, అడుగు చదునుగా ఉంది. పత్తి బోరేలు బండికి ఎత్తుతాం గదా, బరువు చక్రాల మధ్యన ఉన్నంతవరకూ బండి పడుద్దా? రోకలి బరువంతా పొన్ను మీదే ఉంది. నాపరాయి నేల, గాలి గూడ లేదు. ఇది ఈ రోజే కాదు, రేపు నిలబడుద్ది, ఎల్లుండి నిలబడుద్ది, నీ మనవల పెళ్ళిళ్ళ దాకా నిలబడుద్ది!”

అనేశా. అన్నాక ఆ మాట నా చెవులకే వినపడింది. నేను చెప్పేది నిజమైతే ఆ రోకలి ఇంక పడదు. పడకపోతే మీ అమ్మ కదలదు. నా జన్మలో మొదటిసారి దేవుడికి మొక్కా, సామీ, నేను చదివిందంతా అబద్ధం కావాలి, ఈ రోకలి పడాలి అని. పొట్లాల మీద నేర్చుకున్న విద్య కదా, ఎక్కడో నూనె మరక ఉండకపోదా అని ఆశ.

బయట ఆటో చప్పుడు, లోపల మీ అమ్మ మూలుగు. మీ అమ్మమ్మ రోకలిని చూసింది. మీ అమ్మని చూసింది. మళ్ళీ రోకలిని చూసింది. నేను చెప్పిందంతా లోపల తిప్పుకుంటందని నాకేం తెలుసు? దుప్పటి తెస్తానని గుమ్మం వదిలి పళ్ళెం పక్కనుంచి నడిచింది. చీర కుచ్చిళ్ళ కింద ఏం జరిగిందో కనపళ్ళా. కాలి మెట్టె పొన్నుకి తగిలినట్టు టింగ్‌మన్నది. అంతే, రోకలి నాపరాయి మీద ధబీమని పడింది.

“విడిచింది! గ్రహణం విడిచింది! ఏమయ్యో, చూస్తావేంది, పిల్లని లేవదియ్యి!” అని కేక.

నేను వెర్రిమొహం వేసుకుని గుమ్మంలోంచి బయటికి చూశా. సూర్యుణ్ణి ఉత్త కళ్ళతో చూడకూడదు, అది గూడ రాసుకో. నేను చూసింది వేపచెట్టు కింద. ఆకుల సందుల్లోంచి పడే వెలుతురు మామూలుగా గుండ్రంగా బిళ్ళల్లాగా ఉంటది గదా, ఆ రోజు నేలంతా చిన్న చిన్న కొడవళ్ళు పరిచినట్టుంది. అంటే సూర్యుడు ఇంకా సగం మూతలోనే ఉన్నాడు. “ఇంకా విడవలే...” అని నోరు తెరిచా. మీ అమ్మమ్మ నావైపు ఒక చూపు చూసింది. మా మేనమామ వీరయ్య మంచం గూడ అంత వంగలేదు, నేను వంగినంత. నోరు మూసుకుని మీ అమ్మని ఎత్తుకున్నా.

ఆమె మాత్రం దుప్పటి మీ అమ్మ మీద నిండా కప్పింది. ఆటోకి రెండు పక్కలా చీరలు కట్టింది. నన్ను లోపల గొడుగు పట్టుకోమన్నది. ఆటోలో గొడుగు! మస్తాన్ అద్దంలోంచి చూసి, “బావా, సైన్సేనా ఇది?” అన్నాడు. బండి చూసుకుని నడపరా అన్నా.

మాచర్లలో నువ్వు పుట్టావు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నది డాక్టరమ్మ. తెల్లగుడ్డలో చుట్టి తెస్తే, ఆడపిల్లా మగపిల్లాడా అని గూడ అడగలా మీ అమ్మమ్మ. ముందు నీ పెదవి చూసింది. వేలితో మెల్లగా తడిమింది, ఈ చివర నుంచి ఆ చివరదాకా. తడిమి, గోడకి ఆనుకుని కిందకి జారి కూసుంది. నేను ఆమెని అట్టా చూడటం అదే మొదటిసారి. అప్పుడర్థమైంది నాకు, ఆ టింగ్ అన్నప్పుడు ఆమె ఎంత భయాన్ని తన్నిందో. నేను గ్రహణం అంటే భయం లేనోణ్ణి, నాదేముంది, బయటికి రావటం నాకు తేలికే గదా. ఆమె అట్టా కాదు.

నీకు ఖగోళ అని పేరు పెడదామన్నా నేను. మీ అమ్మమ్మ చీపురు వెతికింది. పోనీ స్వాతి అన్నా. మంచి పేరే అన్నది. ఆమె నక్షత్రం పేరనుకున్నది, నేను నా చుక్కల పిచ్చితో పెట్టానని ఇప్పటిదాకా చెప్పలా.

ఊళ్ళోకొచ్చాక ఈమె ప్రచారం చూడాలి. పిల్ల అదృష్టం, రోకలి ముందుగానే పడింది, కావాలంటే మా ఆయన్ని అడగండి, సైన్సు చదివినోడు అని. అందరూ టీకొట్టు దగ్గర నన్ను పట్టుకున్నారు. నేనేం చెయ్యను? చంద్రుడి ఆకర్షణకి సముద్రం పొంగుతుందా లేదా అన్నా. పొంగుద్ది అన్నారు. మరి పళ్ళెంలో నీళ్ళు పొంగవా అన్నా. ఓహో అన్నారు. ఆ పొంగుకి రోకలి పడిందన్నా. ఆహా అన్నారు. అన్నేళ్ళు నేను చెప్పిన నిజాలు ఒక్కడన్నా నమ్మలా. ఆ ఒక్క అబద్ధానికి మాత్రం టీ ఇప్పించారు. పళ్ళెంలో నీళ్ళు పొంగవు తల్లీ, అది నువ్వు చెప్పమాక, మార్కులు పోతయ్.

సోమవారం మాత్రం రోకలి తీసకెళ్ళు. గ్రహణం లేని రోజు నిలబెట్టి చూపించు. పొన్ను చదునుగా ఉంటే నిలబడుద్ది. కానీ చూసినోళ్ళని వెక్కిరించమాక, వాళ్ళిళ్ళల్లో గూడ అమ్మమ్మలుంటారు.

ఈ మెట్టె సంగతి మాత్రం మనిద్దరి మధ్యనే ఉండాలి. ఇన్నేళ్ళల్లో నేను ఆమెని అడగలా, ఆమె చెప్పలా. ఆ చప్పుడు నా ఒక్కడికే వినపడిందని ఆమెకి తెలిస్తే చిన్నబుచ్చుకుంటదేమో అని...

ఏందే? ఏమంటన్నావు? పొయ్యి మీద తాలింపు చిటపట, సరిగ్గా వినపళ్ళా. ఇంకోసారి చెప్పు.

విన్నావా స్వాతీ, ఏమన్నదో?

“వినపడాలనే తన్నా,” అంట.

...ఆపెయ్యమ్మా ఫోను. ఆపావా? చల్లగా ఉండు తల్లీ, నూరేళ్ళు. నీ మాట వినే మనిషి ఒక్కళ్ళన్నా నీకు దొరకాలి. నేనేదో ఎవరూ వినలేదనుకుని ఇన్నాళ్ళూ... సర్లే. ఆ రోకలి మూలన ఉంది, జాగర్తగా తీసకెళ్ళు, పొన్ను కొంచెం వదులైంది...